ముసలివాళ్ళని మంచాన పడేస్తున్నది మాత్ర కాదు, మాత్ర అంటే భయం

"వయసైపోయింది కదా, రక్తం పల్చబడే మాత్రలు ఇంకెందుకులెండి." ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడిలో నా మందుల షాపు గల్లా దగ్గర ఈ మాట వినీ వినీ ఒళ్ళు మండిపోతోంది. కొడుకులు అంటున్నారు, పెళ్ళికొచ్చిన చుట్టాలు అంటున్నారు, అనకూడని డాక్టర్లు కూడా కొందరు అంటున్నారు. గుండె లయ తప్పిన పెద్దవాళ్ళకి వయసైపోయింది కాబట్టే ఆ మాత్ర కావాలి. ఈ ఒక్క సంగతి చెప్పడానికే ఇంత పొడుగు రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ఈ జబ్బుని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. మీ ఇంట్లో చీటీ మీద ఏఎఫ్ అని రాసుంటే అదే. గుండె పైగదులు సరిగా ముడుచుకోకుండా ఊరికే వణుకుతుంటాయి. పారే నీళ్ళకి పాచి పట్టదు, నిలిచిన నీళ్ళకి పడుతుంది. అలాగే ఎడమ పైగదికి చిన్న సంచిలా అతుక్కుని ఉండే మూలలో రక్తం నిలిచి గడ్డకడుతుంది. ఆ గడ్డ ఊడి మెదడుకి పోతే పక్షవాతం. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ ఊరి జనాన్ని దశాబ్దాలపాటు గమనించినవాళ్ళు 1991లో చెప్పిన లెక్క ప్రకారం, ఈ జబ్బు ఉంటే పక్షవాతం ముప్పు దాదాపు 5 రెట్లు. యాభైల్లో ఉన్నవాళ్ళకొచ్చే పక్షవాతాల్లో ఈ జబ్బు వాటా 1.5 శాతం. ఎనభైల్లోకి వచ్చేసరికి అది 23.5 శాతం. మాత్ర ఎవరికి రాయాలో తేల్చడానికి డాక్టర్లు వేసే మార్కులు చూసినా అంతే. బీపీకి ఒకటి, షుగరుకి ఒకటి, గుండె నీరసానికి ఒకటి, 65 దాటితే ఒకటి. అదే 75 దాటితే వయసు ఒక్కదానికే రెండు. రెండు మార్కులొస్తే మాత్ర మొదలుపెట్టమనే చెబుతారు. మరి వయసుని వంకగా చూపించి మాత్ర ఆపడం ఏ లెక్క?

మా వీధిలో ఒక రిటైర్డ్ మాస్టారున్నారు. విశాఖలో చూపించుకుని వస్తే ఎపిక్సబాన్ అనే రక్తం పల్చబడే కొత్తరకం మాత్ర రాశారు, పూట తప్పకుండా వేసుకునేవారు. ఓ రోజు గడ్డం గీసుకుంటుంటే గాటు పడి నెత్తురు ఎంతకీ ఆగలేదు. ఇంకోసారి నూతి దగ్గర జారిపడ్డారు, దెబ్బేమీ తగల్లేదు. ఇంట్లోవాళ్ళు బెదిరిపోయి దగ్గర్లో ఒక డాక్టరుకి చూపిస్తే, "ఈ వయసులో ఇవి ప్రమాదం, పడితే బుర్రలో నెత్తురు కారిపోద్ది" అని ఆపించి ఎకోస్ప్రిన్, అంటే ఆస్పిరిన్ మాత్ర, పెట్టారు. ఆరు నెలలు తిరక్కుండానే కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. జీవితమంతా పాఠాలు చెప్పిన మనిషి ఇప్పుడు మంచినీళ్ళు కావాలన్నా కళ్ళతో అడగాలి. ఒంటికి పుండ్లు పడకుండా ఆయన్ని గంటగంటకీ ఒత్తిగిలించేది ఎవరనుకున్నారు? మోకాళ్ళు అరిగిపోయిన ఆయన భార్య. ఆవిడ పేరు ఏ చీటీలోనూ ఉండదు.

"వయసైన మనిషి, పోతే హాయిగా పోతారులే" అనేవాళ్ళకి నేను చెప్పేది ఇదే. ఇది హాయిగా పోయే జబ్బు కాదు. గుండెలోంచి వచ్చే గడ్డ మామూలుగా పెద్దది, మెదడులో పెద్ద రక్తనాళాన్నే మూసేస్తుంది. పోవడం కంటే మంచాన పడడమే ఎక్కువ. పడ్డాక గడ్డ కరిగించే ఇంజెక్షను పనిచెయ్యాలంటే నాలుగున్నర గంటల్లోపు పడాలి, దానికి ముందు స్కాన్ తియ్యాలి. రాత్రి రెండింటికి మూతి వంకర పోయిన మనిషిని కాశీనగరం నుంచో గుణుపురం నుంచో కారు మాట్లాడి, బరంపురమా శ్రీకాకుళమా అని తేల్చుకుని తీసుకెళ్ళేసరికి ఆ గంటలేం మిగులుతాయి? చాలామందికి ఆ తర్వాత మిగిలేది నాటుమందులు, పావురం రక్తం మాలిష్. ఊరికి దూరంగా బతికేవాళ్ళకి ముందుగా వేసుకునే మాత్రే అసలు వైద్యం.

ఎకోస్ప్రిన్ సంగతి. అది గుండెపోటు వచ్చినవాళ్ళకి, స్టెంట్ వేయించుకున్నవాళ్ళకి మంచి మందే, నేను కాదనను. కానీ "చిన్న మాత్ర, వేడి చెయ్యదు, ముసలివాళ్ళకి ఇది చాలు" అని ఏఎఫ్‌కి దాన్ని పెట్టడం చేతులు దులుపుకోవడమే. ఇంగ్లండ్‌లో 75 దాటినవాళ్ళనే తీసుకుని రక్తం పల్చబడే పాతరకం మాత్ర వార్ఫరిన్‌నీ, ఆస్పిరిన్‌నీ పోల్చి చూశారు, 2007లో ఫలితం వచ్చింది. ఏడాదికి పెద్ద పక్షవాతాల్లాంటివి ఆస్పిరిన్ వాళ్ళలో 3.8 శాతం, వార్ఫరిన్ వాళ్ళలో 1.8 శాతం. రక్తస్రావమైనా తక్కువుందా అంటే, అదీ లేదు. 2011లో ఎపిక్సబాన్‌ని ఆస్పిరిన్‌తో పోల్చినప్పుడూ పక్షవాతాలు సగానికి పైగా తగ్గాయి, పెద్ద రక్తస్రావాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. నెత్తురు కారే ప్రమాదం ఇంచుమించు అంతే, కాపాడే బలం మాత్రం చాలా తక్కువ. అలాంటి మాత్రని ఎందుకు పెడుతున్నారు?

పడిపోతారన్న భయం కూడా అంతే. కెనడాలో 1999లో లెక్కగట్టారు: వార్ఫరిన్ వల్ల వచ్చే లాభాన్ని మెదడులో నెత్తురు కారే ప్రమాదం మించాలంటే మనిషి ఏడాదికి 295 సార్లు పడాలట. మన పెద్దవాళ్ళు పడకుండా చూసుకోవాలి, నిజమే. బాత్రూములో గరుకు బండ వెయ్యండి, గోడకి పట్టుకునే కడ్డీ పెట్టండి, రాత్రి లైటు ఉంచండి. మాత్ర ఆపడం దానికి మందు కాదు.

నాకు అర్థమైనంతలో అసలు చిక్కు ఇంకోటి. పళ్ళు తోముకుంటే చిగుళ్ళలోంచి వచ్చే నెత్తురు కంటికి కనిపిస్తుంది. రాకుండా పోయిన పక్షవాతం ఎవరికీ కనిపించదు. బీపీ మాత్ర వేసుకుంటే మిషన్‌లో అంకె తగ్గుతుంది, నొప్పి మాత్ర వేసుకుంటే నొప్పి తగ్గుతుంది. ఈ మాత్ర వేసుకుంటే ఏమీ జరగదు. ఏమీ జరక్కపోవడమే అది చేసే పని. "దడ తగ్గిపోనాది బాబూ, ఇంకెందుకు" అని మానేసే పెద్దమ్మలు నాకు బాగా తెలుసు. దడ తగ్గినా గడ్డ కట్టే ముప్పు పోదు. పైగా కొత్తరకం మాత్రల పని ఒకటి రెండు రోజుల్లోనే దిగిపోతుంది. స్ట్రిప్ అయిపోయింది, సంతకి వచ్చినప్పుడు కొంటాను అంటే ఆ వారమంతా ఏ రక్షణా లేనట్టే.

ఈ మాత్రలకి ప్రమాదమే లేదని చెబితే అబద్ధమే. అందుకే ఎవరికి ఏది అన్నది జాగ్రత్తగా చూడాలి, మా సరిహద్దు ఊళ్ళలో మరీనూ. పక్కనే ఉద్దానం ఉంది. సోంపేట, కవిటి, పలాస వైపు కిడ్నీలు పాడైన మనుషులు ఎంతమందో అందరికీ తెలుసు, ఆ కుటుంబాలతో మాకు వియ్యాలున్నాయి. కొత్తరకం మాత్రల్లో ఒకటైన డాబిగాట్రాన్‌లో 80 శాతం దాకా కిడ్నీల గుండానే బయటికి పోవాలి, ఎపిక్సబాన్‌లో పావు వంతు చిల్లర. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూడకుండా ఈ మాత్రలు రాయడం, ఏళ్ళ తరబడి మళ్ళీ చూడకుండా అవే కొనసాగించడం నేరం. ఎపిక్సబాన్ సగం మోతాదుకి మామూలుగా ఉన్న రూలు ఏమిటంటే: వయసు 80 లేదా ఆపైన ఉండడం, బరువు 60 కిలోలకి మించకపోవడం, క్రియాటినిన్ 1.5 లేదా ఆపైన ఉండడం, ఈ మూడిట్లో రెండుండాలి. ఇక్కడ మాత్రం ముసలివాళ్ళు కనిపిస్తే చాలు, సగం మోతాదు 2.5 మిల్లీగ్రాముల మాత్ర రాసేస్తున్నారు. సగం మాత్రతో సగం భయం తగ్గుతుందేమో కానీ కాపుదల కూడా తగ్గిపోతుంది.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. కొత్త మాత్రలు అందరికీ కాదు. చిన్నప్పటి కీళ్ళవాతం జ్వరంతో గుండె కవాటం ఇరుకైపోయినవాళ్ళు కొండ ఊళ్ళలో ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళకి వార్ఫరిన్ లాంటి పాతరకం మాత్రే మేలని 2022లో వచ్చిన ఇన్విక్టస్ పరిశోధన తేల్చింది. లోహపు కవాటం వేయించుకున్నవాళ్ళకీ పాతదే. పాతరకం మాత్రే అయిన అసిట్రోమ్ మీద ఏళ్ళుగా ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే పరీక్ష అంకె) కుదురుగా ఉన్న బక్కచిక్కిన ముసలివాళ్ళని ఊరికే కొత్తదానికి మారిస్తే రక్తస్రావం పెరిగిందని 2023లో నెదర్లాండ్స్ వాళ్ళు చూపించారు. బాగున్నదాన్ని కదపొద్దు.

అసిట్రోమ్, వార్ఫరిన్ వేసుకునేవాళ్ళు ఆకుకూరలు మానేస్తారు, అది అక్కర్లేదు. మునగాకు, పాలకూర, తోటకూర రోజూ ఒకే తీరుగా తింటే చాలు. ప్రమాదం వచ్చేది కార్తీకంలో. నెలంతా నక్తాలు, ఒంటిపూట భోజనాలు. తిండి తీరు ఒక్కసారిగా మారితే ఐఎన్‌ఆర్ తప్పుతుంది, ఆ నెలలో ఒకసారి ఎక్కువగా పరీక్ష చేయించండి. కొత్తరకం మాత్ర రివరాక్సబాన్ అయితే కడుపునిండా తిన్నప్పుడే వేసుకోవాలి, పరగడుపున వేస్తే ఒంటికి పూర్తిగా పట్టదు. నక్తం ఉండేవాళ్ళు రాత్రి భోజనంతో వేసుకోవచ్చా అని డాక్టర్ని అడగండి. దేవుడి పేరుతో మాత్ర మానొద్దు.

నాకు అన్నిటికన్నా భయం వేసేది ఆసుపత్రి ఫైళ్ళని చూస్తే. ఒకటి బరంపురంలో, ఒకటి శ్రీకాకుళంలో, ఒకటి విశాఖలో. ఒడియాలో చెప్పిన మాట తెలుగు అవ్వకి సగమే అందుతుంది. ఒక డాక్టరు రాసిన ఎపిక్సబాన్, ఇంకొకరు రాసిన ఎకోస్ప్రిన్, మోకాళ్ళ నొప్పులకి ఊళ్ళో ఆర్‌ఎంపీ పొడిచిన డైక్లోఫెనాక్ సూది, మూడూ ఒకే ఒంట్లో. ఆ తర్వాత కడుపులో నెత్తురు కారి మలం నల్లగా వస్తే నింద మాత్రం రక్తం పల్చబడే మాత్ర మీద. స్టెంటో బైపాస్ ఆపరేషనో అయి ఏడాది దాటి కుదురుగా ఉన్న ఏఎఫ్ మనిషికి చాలావరకు ఎకోస్ప్రిన్ తీసేసి రక్తం పల్చబడే ఒక్క మాత్రే ఉంచొచ్చని 2019లో జపాన్ పరిశోధన చెప్పింది. తీసెయ్యాలో వద్దో డాక్టరు తేల్చాలి, కానీ ఆ ప్రశ్న అడగాల్సింది మీరు. ఈసారి ఎక్కడికి వెళ్ళినా మూడు ఫైళ్ళూ, ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ ఒకే సంచిలో వేసి తీసుకెళ్ళండి. ఈ మాత్ర వేసుకునే పెద్దాయనకి నొప్పి సూది వెయ్యబోతుంటే మొహమాటపడకుండా చెయ్యి పట్టుకుని ఆపండి.

పేటెంట్లు ముగిశాక రివరాక్సబాన్, ఎపిక్సబాన్ ధరలు బాగా దిగాయి, ఒకప్పటిలా లేవు. డబ్బు ఇబ్బందైతే వేరే కంపెనీ మాత్ర అడగండి కానీ రోజు విడిచి రోజు వేసుకోవద్దు.

అరవై అయిదు దాటినవాళ్ళ మణికట్టు మీద వేలు పెట్టి ఒక నిమిషం నాడి చూడండి. తాళం తప్పి కొట్టుకుంటుంటే ఈసీజీ తీయించండి. మాత్ర వేసుకునేవాళ్ళ జేబులో దాని పేరు రాసిన కాగితం ఉండాలి, తెలుగులోనూ ఒడియాలోనూ. మలం నల్లగా వచ్చినా, నెత్తురు వాంతి అయినా, తలకి దెబ్బ తగిలినా, ఎప్పుడూ లేని తలనొప్పి ఒక్కసారిగా వచ్చినా ఆ కాగితం పట్టుకుని పెద్దాసుపత్రికి పరిగెత్తండి, ఆఖరి మాత్ర ఎన్ని గంటలకి వేశారో ముందుగా చెప్పండి.