పచ్చ బొమ్మ గారి దివ్య సముఖమునకు

మహారాజశ్రీ సిగ్నల్ స్తంభం మీది పచ్చ బొమ్మ గారికి, రోడ్డు దాటేవాళ్ళు చేసుకునే విన్నపం.

ఇవాళ పొద్దున చేతికర్ర పట్టుకున్న పెద్దావిడను నడిరోడ్డు మీద వదిలేసి తమరు ఎర్రబడ్డారు. సిగ్గుతోనే అయితే ఈ ఉత్తరం రాసే పనే ఉండేది కాదు.

తమ దర్శనానికి బటన్ నొక్కాలి. ఒకసారి నొక్కినా, వేలు అరిగేలా పదిసార్లు నొక్కినా ఒకటే. లోపలున్న కంట్రోలర్ 'ఎవరో వచ్చారు' అని ఒక్కసారి రాసుకుని, బండ్ల వంతులయ్యాకే మమ్మల్ని పిలుస్తుంది. టైమింగ్ ముందే బిగించేసిన చోట ఆ బటన్ వట్టి అలంకారం. సరే, వేలికి వ్యాయామం అనుకుంటాం.

అసలు పేచీ తమరి లెక్కతో. లేన్‌కి మూడున్నర మీటర్ల చొప్పున ఆరు లేన్లు, 21 మీటర్లు. మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని వేసుకుని, ఆరిపోయే ముందు తమరు మినుకుమనే సెకన్లతో సహా పదిహేడున్నర సెకన్లు దయచేస్తారు. ఎవరి నడకండీ అది? చేతులూపుకుంటూ పోయే కుర్రాడిది. పెద్దావిడ నడక సెకనుకు 0.8. మీ గడువు తీరేసరికి ఆవిడ 14 మీటర్లు వస్తుంది. మిగిలేవి ఏడు. అంటే సరిగ్గా రెండు లేన్లు! అదీ ఆవిడ గట్టు మీంచి దిగడాన్ని లెక్కలో వేయకుండా. కర్ర కింద ఆనించి, ఒక కాలు దించి, నిలదొక్కుకుని రెండోది దించేలోపే రెండు మూడు సెకన్లు హారతి కర్పూరం.

పోనీ ఇచ్చిందైనా పూర్తిగా మాదేనా? మలుపు తిరిగే బండ్లకూ అప్పుడే పచ్చ. మూలను గుండ్రంగా, విశాలంగా చెక్కి పెడితే ఆ బండి వేగం ఎందుకు తగ్గిస్తుంది? మాకు మూడు నుంచి ఏడు సెకన్లు ముందుగా పచ్చ ఇస్తే, వాళ్ళు కదిలేసరికి జీబ్రా మధ్యలో, డ్రైవర్ కళ్ళెదుట ఉంటాం. లేకపోతే ముందు అద్దం పక్కనున్న పిల్లర్ చాటున ఉంటాం. దీనికి రోడ్డు తవ్వక్కర్లేదు, కంట్రోలర్‌లో అంకె మార్చాలి.

సైకిల్ వాళ్ళకి తమరు ఇంకో చోట రోడ్డు మధ్యలో, ఆగడానికని కట్టించిన విడిది వెడల్పు 1.2 మీటర్లు. సైకిల్ పొడవు సుమారు 1.8. ముందు చక్రం ఏ లేన్‌లో పెట్టాలో, వెనక చక్రం ఏ లేన్‌కి అప్పగించాలో కూడా సెలవిస్తే బాగుండేది.

ఇక మర్యాద చాలు. గంటకు 50 కిలోమీటర్ల మీద వచ్చే డ్రైవర్, మనిషిని చూసి బ్రేక్ తొక్కేలోపే బండి 20 మీటర్లు వచ్చేస్తుంది. ఆగడం సంగతి ఆ తర్వాత. అటువైపు లేన్లకి పచ్చ వెలిగేసరికి ఏడు మీటర్లు బాకీ ఉన్న మనిషి ఏం చెయ్యాలి, ఎగరాలా? ఆవిడకి కావలసింది ఇంకో తొమ్మిది సెకన్లు, గట్టుకి మూడు. పన్నెండు! బండ్లవాళ్ళు ఆ పన్నెండు సెకన్లు ఆగితే నీ సొమ్మేం పోతుంది?

నీకేం తెలుస్తుందిలే. ఎప్పుడు చూసినా ఒక కాలు చాచి పెద్ద అంగ వేస్తూ ఉంటావు. చేతిలో కర్ర కూడా లేదు.

ఇట్లు,
రెండు లేన్లు మిగిలిపోయినవాళ్ళు