తూరాన్ రోడ్డు మీద చీతా

పిరూజ్ గుర్తుందా? 2022 మే నెలలో ఇరాన్‌లోని తూరాన్ అభయారణ్యంలో ఆపరేషన్ చేసి తీసిన మూడు చీతా పిల్లల్లో అదొకటి. మిగతా రెండూ రోజుల్లోనే పోయాయి. దీన్ని మనుషులే సీసాపాలు పట్టి పెంచారు. 2023 ఫిబ్రవరి 28న కిడ్నీలు పాడై చనిపోతే ఆ దేశమంతా ఏడ్చింది.

ఆ దుఃఖం మనది కూడా. ఆసియా చీతా ఒకప్పుడు మన మైదానాల్లోనూ పరుగెత్తింది. 1952లో అంతరించిందని ప్రకటించాం. మధ్యప్రదేశ్‌లోని కూనో పార్కుకు తెచ్చినవి ఆఫ్రికావి. ఆసియా చీతా ఇప్పుడు ఇరాన్‌లోనే ఉంది. అవీ పన్నెండే మిగిలాయని 2022లో అక్కడి అధికారులు చెప్పారు.

హైదరాబాద్‌లోని జీవకణ పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఇరాన్ చీతా కణాలతో క్లోనింగ్ చేద్దామనుకున్నారు. ఇరాన్ ఒప్పుకోలేదు. ఒప్పుకున్నా, పుట్టిన పిల్ల తిరిగేందుకు నేల ఉండాలి కదా? మా బాధంతా అక్కడే.

టెహ్రాన్ నుంచి మష్హద్ వెళ్లే హైవే సెమ్నాన్ రాష్ట్రంలో అబ్బాసాబాద్, మయామీల మధ్య చీతాలు తిరిగే నేలను చీల్చుకుంటూ పోతుంది. ఎడారిలో జింక ఒకచోట నిలవదు, వాన పడ్డ వైపు పోతుంది. దాని వెనకే చీతా. అందుకే దానికి వందల చదరపు కిలోమీటర్లు కావాలి, అందుకే రోడ్డు దాటక తప్పదు. రాత్రిపూట లారీల కింద పడి ఇక్కడ ఎన్నో చీతాలు చచ్చిపోయాయి. కొంతమేర కంచె వేశారు. కానీ రోడ్డు కింద జంతువులు దాటే దారి వదలకుండా కంచె ఒక్కటే వేస్తే ఉన్న కొద్దిపాటి జంతువులు రెండు గుంపులుగా విడిపోతాయి.

కరువొస్తే కష్టం రెట్టింపు. నీటిబుగ్గ ఉన్నచోటే చలికాలం మేకల మందలు దిగుతాయి. మందతో కాపలా కుక్కలుంటాయి. చీతా పోట్లాడే జంతువు కాదు. కుక్కలు తరిమితే జింకను వదిలేసి పారిపోతుంది, దొరికితే చస్తుంది. కాపరులను తిట్టి లాభం లేదు, ఆ మందే వాళ్ల అన్నం. ప్రభుత్వం మేత హక్కులకు సరైన డబ్బిచ్చి, వేరేచోట మేపు చూపించాలి. బోనులో ప్రసవాలకు పెట్టే శ్రద్ధ ముందు ఈ పనికి పెట్టాలని మేము కోరుతున్నాం.

ఇంకొక మాట. చీతాల కోసం ఎడారిలో కెమెరాలు పెట్టిన పరిశోధకులను 2018లో గూఢచర్యం ఆరోపణపై అరెస్టు చేశారు. వారిలో ఒకరు జైల్లోనే చనిపోయారు. చివరివారు 2024లో బయటికొచ్చారు. ఏ చీతా ఎక్కడ రోడ్డు దాటుతుందో చెప్పగలిగేది అలాంటివాళ్లే. వాళ్లను మళ్లీ తూరాన్‌లోకి రానివ్వాలి.