ఏడుగురికి ఒక్క తేదీ

మా బృందంలో ఉన్నది ఏడుగురమే. హైదరాబాదు, విజయవాడ, బెంగళూరు, చెన్నైలలో ఎవరిళ్లలో వారు కూర్చుని బొమ్మలు గీసే, మాటలు రాసే, వీడియోలు కూర్చే మా అందరినీ డిసెంబరులో మూడు రోజులు అరకులో కలిపే బాధ్యత నా నెత్తిన పడి ఆరు వారాలైంది. "ఎక్కడైనా పర్వాలేదు" అని అందరూ అన్నారు. అలా అన్నవారే చలికి తట్టుకోలేమనీ, ఘాట్ రోడ్డులో వాంతులవుతాయనీ, గోవా అయితే బాగుండేదనీ ఒక్కొక్కరుగా చెబుతుంటే, ఆ మాట మొదటిరోజే చెప్పడానికి నోరెందుకు రాలేదు?

రైలు టికెట్లు ముందుగా రిజర్వు చేసుకునే గడువును 2024 నవంబరు నుంచి 120 రోజులకు బదులు 60 రోజులకు కుదించారు కనుక, బుకింగు తెరిచిన పూటే టికెట్లు పట్టుకోవాలి. విశాఖ నుంచి అరకు మీదుగా కిరండూల్ వెళ్లే రైలులోని విస్టాడోమ్ (అద్దాల పైకప్పు) పెట్టెలో, అదీ అరకు సీజనులో, ఏడు సీట్లు దొరకడం మాటలా? తేదీల కోసం వాట్సాప్‌లో ఓటింగు పెడితే నలుగురు పలకలేదు. ఒకరు మాత్రం అన్ని తేదీలకూ ఓటు వేసి పుణ్యం కట్టుకున్నారు.

రిసార్టువారి తీరు మరీ ఘోరం. వైఫై ఉందని ఫోనులో ఘనంగా చెప్పారు. అది రిసెప్షను బల్ల దగ్గర మాత్రమే అందుతుందని అడ్వాన్సు కట్టాక తెలిసింది. సమావేశ మందిరమంటూ పంపిన ఫోటోలో కుర్చీలకు పెళ్లి రిబ్బన్లు ఇంకా వేలాడుతున్నాయి. తేదీ మారిస్తే అడ్వాన్సులో సగం కోత అట!

నిన్న రాత్రి తేదీ ఖరారైందని సందేశం పెట్టగానే మా ఎడిటరుగారు, "ఆ వారం మా మేనకోడలి పెళ్లి కదండీ, గుర్తులేదా?" అని అడిగారు. నాకెవరు చెప్పారని?