పిలాతుకు పైన కోర్టు లేదు
యేసుకు సిలువ శిక్ష వేసిన రోమా పాలకుడు పిలాతును, జనానికి భయపడి ఆ శిక్ష వేసిన మెత్తని మనిషిగా చూపించే నవలలే చరిత్రకు దగ్గరగా ఉన్నాయని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. మొదటి శతాబ్దపు యూదు రచయితలు ఫిలో, జోసెఫస్ రాతల్లో కనిపించే పిలాతు కఠినుడు. సమరయ ప్రాంతపు జనాన్ని చంపించిన గొడవతోనే క్రీ.శ. 36 ప్రాంతంలో అతని పదవి పోయింది. 1961లో ఇజ్రాయెల్ తీరంలోని కైసరయలో దొరికిన శాసనంలో అతని హోదా ప్రిఫెక్ట్ (రోమా పాలనాధికారి) అని ఉంది, అసలు అది సైన్యం నుంచి వచ్చిన పదవి. క్రైస్తవ బోధకుడు పౌలు రోమా పౌరుడు కాబట్టి కైసరుకు, అంటే రోమా చక్రవర్తికి, అప్పీలు చేసుకోగలిగాడు, యేసుకు ఆ దారే లేదు. ప్లీడరు గుమస్తాగా ఇరవై ఏళ్లు పనిచేశాను. ఓడిపోయినా పై కోర్టు ఉందిలే అన్న ఒక్క మాటతో తేరుకున్న కక్షిదారులను ఎంతమందినో చూశాను. ఆ మాట చెప్పేవాళ్లే లేని విచారణ యేసుది. నవలల్లో నాకు కనిపించనిది అదే.