పంజరం తలుపు తెరిచే ముందు

అరేబియన్ ఓరిక్స్ అనే తెల్లటి ఎడారి జంతువు 1972లో సహజ ఆవాసంలో అంతరించింది. ఒమన్ ఎడారిలో మిగిలిన చివరి గుంపును వేటగాళ్లు మట్టుబెట్టారు. అయితే దానికి దాదాపు పదేళ్ల ముందే కొన్నింటిని పట్టి అమెరికాలోని ఫీనిక్స్ జూకు చేర్చారు. ఆ మంద సంతతి 1982లో ఒమన్ ఎడారికి తిరిగివచ్చింది. 1990ల మధ్య నాటికి అక్కడ వాటి సంఖ్య 400 దాటింది. జూల చరిత్రలో ఇంతకన్నా గర్వించదగ్గ ఘట్టాలు తక్కువ. అప్పుడు వేటగాళ్లు మళ్లీ వచ్చారు. ఈసారి చంపడానికి కాదు, ప్రాణాలతో పట్టుకుని సంపన్నులకు అమ్ముకోవడానికి. 2007 నాటికి మిగిలినవి 65. ప్రభుత్వం రక్షిత ప్రాంతాన్ని 90 శాతం కుదించింది. యునెస్కో ఆ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితా నుంచి తొలగించింది. ఆ జాబితా నుంచి ఒక ప్రాంతం పేరు కొట్టేయడం అదే మొదటిసారి.

ఇందులో జూ తప్పేమీ లేదు. పిల్లలను పుట్టించింది, పెంచింది, పంపింది. కానీ ఏ కారణంతో ఓరిక్స్ ఒకసారి మాయమైందో ఆ కారణం ఎడారిలో అలాగే కాచుకుని ఉంది. అందుకే, ఒక జూ ఎన్ని జంతువులను అడవికి పంపిందన్న లెక్క నన్ను తృప్తిపరచదు. ఈ లోపు అడవిలో ఏం మారిందన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్నకు ఓపికగా జవాబు వెతికిన ఉదాహరణ రాబందులది. 1990ల్లో భారతదేశంలో రాబందులు కుప్పకూలాయి. తెల్లవీపు రాబందులైతే వెయ్యింటికి ఒకటి చొప్పున మిగిలాయి. పశువుల నొప్పులకు వాడే డైక్లోఫెనాక్ మందే దీనికి కారణమని 2004లో తేలింది. ఆ మందు ఇచ్చిన కొద్ది రోజులకే చనిపోయిన పశువు కళేబరాన్ని తిన్న రాబందుకు మూత్రపిండాలు పాడై ప్రాణం పోతుంది. పశువైద్యంలో ఆ మందును 2006లో నిషేధించారు. అప్పటికే హర్యానాలోని పింజోర్‌లో పునరుత్పత్తి కేంద్రం పని మొదలుపెట్టింది. రాబందు ఏడాదికి ఒకే గుడ్డు పెడుతుంది కనుక ఆ పని ఎంత నెమ్మదిగా సాగి ఉంటుందో ఊహించవచ్చు. అయినా అక్కడ పెరిగిన తెల్లవీపు రాబందులను ఆకాశంలోకి వదలడం 2020లో గానీ మొదలుకాలేదు.

ఆ ఆలస్యం కొందరికి చేతకానితనంగా కనిపించవచ్చు. నా దృష్టిలో అది వివేకం. ఎందుకంటే నిషేధం వచ్చాక కూడా, మనుషుల కోసం తయారైన పెద్ద సీసాల నుంచి అదే మందు పశువులకు చేరుతూ వచ్చింది. 2015లో ఆ సీసా పరిమాణాన్ని 3 మిల్లీలీటర్లకు పరిమితం చేశారు. రాబందులకు అంతే ప్రమాదకరమైన కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను పశువైద్యంలో నిషేధించడానికి 2023 దాకా పట్టింది. ఊళ్లలో ఏ మందు వాడుతున్నారో చూసుకోకుండా రాబందులను వదిలేస్తే, ఏళ్ల శ్రమను కళేబరాల పాలు చేసినట్టే.

అమెరికాలో ఉండే, రాబందులాంటి పెద్ద పక్షి కాలిఫోర్నియా కాండర్ కథ ఇంకా చేదైనది. 1982 నాటికి ప్రపంచంలో మిగిలిన కాండర్లు 22. 1987లో అడవిలో ఉన్న చివరి పక్షిని కూడా పట్టి జూకు తరలించారు. శాన్ డియేగో, లాస్ ఏంజెలెస్ జూల కృషితో ఇప్పుడు వాటి సంఖ్య 500 దాటింది. వీటిలో సగానికి పైగా స్వేచ్ఛగా ఎగురుతున్నాయి. కానీ వేటగాళ్లు వదిలేసిన కళేబరాల్లో సీసం తూటాల ముక్కలుంటాయి. వాటిని మింగిన కాండర్లు విషమెక్కి చనిపోతున్నాయి. అందుకే ఇప్పటికీ వాటిని మళ్లీ మళ్లీ పట్టి, రక్తం పరీక్షించి, సీసం ఎక్కువైతే చికిత్స చేసి పంపుతున్నారు. జూ నుంచి బయటపడిన పక్షి ఆసుపత్రి నుంచి బయటపడలేదు. కాలిఫోర్నియాలో వేటకు సీసం తూటాలు వాడకూడదన్న నిబంధన 2019లో పూర్తిగా అమల్లోకి వచ్చింది. అరిజోనాలో మాత్రం అది వేటగాళ్ల ఇష్టానికే వదిలేశారు. కాండర్‌కు రాష్ట్రాల సరిహద్దులు తెలియవు కదా.

మరి కారణం తొలగేదాకా జూలు చేతులు కట్టుకుని కూర్చోవాలా? అక్కర్లేదు, అది ఇంకా పెద్ద తప్పు. వదలడానికి తొందర పనికిరాదు గానీ, పెంపకం మొదలుపెట్టడానికి ఆలస్యం అసలే పనికిరాదు. అమెరికాలోని నల్లకాళ్ల ఫెర్రెట్లు (ముంగిసలా కనిపించే చిన్న మాంసాహార జంతువులు) 18 మాత్రమే మిగిలాక, 1987 నాటికి వాటన్నిటినీ పట్టారు. వాటిలో సంతతిని నిలబెట్టినవి ఏడే. నేడున్న ఫెర్రెట్లు దాదాపు అన్నీ ఆ ఏడింటి వారసులే. జన్యు వైవిధ్యం అంత కుంచించుకుపోవడంతో, 1980ల్లో చనిపోయిన ఒక ఫెర్రెట్‌ను, దాచి ఉంచిన దాని కణాలతో 2020లో క్లోనింగ్ ద్వారా మళ్లీ పుట్టించాల్సి వచ్చింది. జాతి ఇంకా వందల్లో ఉన్నప్పుడే మేలుకుని ఉంటే ఇంత తిప్పలు ఉండేవి కావు.

జూలు తమ వైపు చూసుకోవాల్సిన సంగతులూ ఉన్నాయి. బ్రెజిల్‌లో 1984 నుంచి వదిలిన గోల్డెన్ లయన్ టామరిన్ కోతుల్లో జూలో పుట్టినవి సన్నటి కొమ్మల మీద నడవలేక, ఆహారం వెతుక్కోలేక అల్లాడాయి. హవాయి కాకులకు గద్దను చూసి భయపడటం నేర్పించి మరీ 2016 తర్వాత అడవిలో వదిలారు. అయినా చాలా వాటిని గద్దలు చంపాయి. 2020లో మిగిలిన కొన్నింటిని వెనక్కి తెచ్చుకున్నారు. అన్నిటికన్నా భయపెట్టేది స్పెయిన్‌లోని మయోర్కా దీవి కప్పల ఉదంతం. బందీగా పెంచి వదిలిన కప్పలే ప్రాణాంతకమైన శిలీంధ్రాన్ని అడవి కప్పలకు మోసుకెళ్లాయి. కాపాడబోయిన చేతులే రోగాన్ని అంటించాయి. వదిలే ముందు చేసే వ్యాధి పరీక్షను లాంఛనంగా చూసేవారు ఈ ఒక్క ఉదంతం చదివినా చాలు.

ఇన్ని వైఫల్యాలు తెలిసినా ఈ కార్యక్రమాలు ఆగకూడదనే నా గట్టి నమ్మకం. జూలు, ఇలాంటి పెంపకం కేంద్రాలు లేకపోతే ఓరిక్స్, కాండర్, ఫెర్రెట్ ఈ రోజు బొమ్మల్లో మాత్రమే ఉండేవి. అయితే ప్రజాధనంతో నడిచే ప్రతి జూ కొన్ని లెక్కలు బయటపెట్టాలి. వదిలినవాటిలో ఏడాది తర్వాత ఎన్ని బతికి ఉన్నాయి, చనిపోయినవి దేనివల్ల చనిపోయాయి, అడవిలో పుట్టిన పిల్లలకు మళ్లీ పిల్లలు పుట్టాయా అన్నవి అందులో ఉండాలి. విడుదల రోజు ఫొటోలతో పాటు, ఆ జాతి ఎందుకు అంతరించిందో, ఆ కారణాన్ని తొలగించడానికి ఏ శాఖ ఏం చేసిందో కూడా అదే ప్రకటనలో రాయాలి.