యుంగ్‌ఫ్రా ఒక్కటే కాదండీ
స్విట్జర్లాండ్‌లోని ఇంటర్‌లాకెన్ ఊరు చూడ్డం గురించి అంటూ మీ ఆర్టికల్ మొత్తం యుంగ్‌ఫ్రా కొండ దగ్గరి యుంగ్‌ఫ్రాయోఖ్ స్టేషన్‌కి వెళ్లే రైలు గురించే రాశారు. 3,454 మీటర్ల ఎత్తున స్టేషన్ అంటే గొప్పే, కానీ మబ్బు పట్టిన రోజు అంత ఖరీదు పెట్టి ఎక్కితే తెల్లగా పొగమంచు తప్ప ఏమీ కనబడదు, అందుకే పొద్దున్నే లైవ్ కెమెరా చూసుకుని టికెట్ కొనండి. వానైతే లౌటర్‌బ్రునెన్ లోయలో ట్రుమ్మెల్‌బాఖ్‌కి వెళ్లండి, కొండ లోపలే పది జలపాతాలు, సెకనుకు 20,000 లీటర్ల దాకా నీళ్లు దూకుతుంటే పక్కవాళ్ల మాట కూడా వినపడదు! నాలుగేళ్ల లోపు పిల్లల్ని రానివ్వరు, చలికాలం మూసేస్తారు. ఎండగా ఉంటే గ్రుట్ష్‌ఆల్ప్ దాకా లౌటర్‌బ్రునెన్ నుంచి కేబుల్ కారెక్కి, అక్కణ్ణుంచి మ్యూరెన్ ఊరికి నడవండి. పెద్దగా ఎక్కాల్సిందేం లేదు, అమ్మానాన్నలతో కూడా హాయిగా వెళ్లొచ్చు, ఎదురుగా ఐగర్, మోంఖ్, యుంగ్‌ఫ్రా శిఖరాలు మూడూ కనిపిస్తూనే ఉంటాయి. బ్రియెంజ్ సరస్సులో పడవకి స్విస్ ట్రావెల్ పాస్ (టూరిస్టులకి రైళ్లు, బస్సులు, పడవలు అన్నిటికీ పనికొచ్చే పాస్) ఉంటే చాలు, వేరే టికెట్ అక్కర్లేదు.