సిమ్యులేటర్ గారికి, నిద్రకళ్ళతో రాయునది

నేలమీదే ఉండి ఎగిరినట్టు నటించే మహారాజశ్రీ హెలికాప్టర్ సిమ్యులేటర్ గారికి, గచ్చిబౌలి నైట్ షిఫ్ట్ ఉద్యోగి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, కుశలమంతా మీవైపే ఉంది. మీరు కూలిపోయినా బటన్ నొక్కి మళ్ళీ లేపుతారు.

అలబామాలోని ఫోర్ట్ రకర్‌లో మీవాళ్ళ ఘనకార్యం చదివాను. అమెరికా సైన్యం పైలట్లను 40 గంటలు నిద్రపోనివ్వకుండా ఉంచి, బ్లాక్ హాక్ హెలికాప్టర్ సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టేవారట. ఇంత ఎత్తులో, ఇంత వేగంతో, ఈ దిక్కుకే పో అనేవారట. ఎన్ని అడుగులు జారాడో, ఎంత పక్కకు పోయాడో కంప్యూటర్ రాసుకునేదట. సిమ్యులేటర్ అయితే కూలినా ఎవరికీ దెబ్బ తగలదని కదా పాపం!

మాకు అంత మొహమాటం లేదు. నేరుగా ఔటర్ రింగ్ రోడ్డు మీదే పరీక్ష.

మొన్న శనివారం రాత్రి రెండున్నరకి క్యాబ్ ఎక్కాను. డ్రైవర్ అన్న పొద్దున ఆరింటి నుంచి స్కూల్ వ్యాన్, ఆ తర్వాత మా క్యాబ్. దారిలో పోలీసులు ఆపి మిషన్ నోటి దగ్గర పెట్టారు. ఊదాడు. సున్నా! "నేను మందు ముట్ట సార్" అని నావైపు గర్వంగా చూశాడు. వరసగా 17 గంటలు మేలుకుంటే, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నప్పటిలాగే పనితీరు దిగజారుతుందని 1997లోనే తేల్చారు. మన చట్టమైతే 30 దాటినా ఒప్పుకోదు. అన్న 20 గంటల మీద ఉన్నాడు. ఆ మిషన్‌కి నిద్ర వాసన తెలీదు మరి.

అప్పా జంక్షన్ దాటాక అద్దం దించాడు. చెంప మీద ఒకటి కొట్టుకున్నాడు, కాసేపాగి ఇంకొకటి.

"అన్నా, ఆపి చాయ్ తాగుదామా?"

"ఏం లేదు సార్, మంచిగనే ఉ..."

గడ్డం ఛాతీకి ఆనింది. కారు తెల్లగీత ఎక్కింది. నేను అరిచిన అరుపుకి తల లేపి, "...న్న" అని మాట పూర్తి చేశాడు. అబద్ధమాడాడని కాదు. 2003లో కొందరిని రెండు వారాలు రోజుకి ఆరు గంటలే పడుకోనిచ్చి చూశారు. వాళ్ళ పనితీరు ఒక రాత్రి అసలు పడుకోనివాళ్ళ స్థాయికి పడిపోయింది. వాళ్ళనడిగితే మాత్రం, కాస్త మగతగా ఉందంతే అన్నారు.

మా ఆఫీసుకీ ఈ విషయంలో శ్రద్ధ లేకపోలేదు. 'హాయిగా నిద్రపోండి' అని ఒక వెబినార్ పెట్టారు. పగలు పదకొండింటికి. నైట్ షిఫ్ట్ వాళ్ళు తప్పక హాజరు కావాలి.

కాబట్టి అయ్యా, వీలు చూసుకుని ఒకసారి గచ్చిబౌలి దయచేయండి. మీలో మా షిఫ్టుల షెడ్యూలు వేసే ఆయన్ని 40 గంటలు కూర్చోబెడదాం. అద్దె నేనే కడతాను, ఈఎంఐలో.

ఉంటాను. అన్న ఫోన్ చేస్తున్నాడు. "కింద ఉన్న సార్" అంటున్నాడు, మధ్యలో ఆవులిస్తూ.